తీగ తినేదెంత, మనం పెట్టేదెంత



పద్యనాటకాలు చూసేవాళ్లకు పడక సీను గురించి వేరే చెప్పక్కర్లేదు. తెర లేచేసరికి కృష్ణుడు మంచం మీద పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు వచ్చి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు. అర్జునుడు వచ్చి కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. కృష్ణుడు కళ్లు తెరిచి, మోచేతి మీద కాస్త లేచి, బావను పలకరిస్తూ పద్యం ఎత్తుకుంటాడు. జనం కాచుకుని కూర్చునేది ఆ పద్యం చివర తీసే రాగం కోసం. అది పండితే వెనక వరసల్లోంచి ‘వన్స్‌మోర్’ అని కేక.

చాలా ఏళ్ల క్రితం తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఉత్సవాలకు మైకుసెట్టు నాదే. నటులకు వేలాడే మైకులు కాకుండా తొలిసారి కార్డ్‌లెస్ కాలర్ మైకులు పెట్టాను. నడుముకు చిన్న డబ్బా, ఛాతీ మీద శనగగింజంత మైకు. కృష్ణుడి వేషం వేసిన మాస్టారు రాగం అందుకున్నారు. రాగం సగంలో ఉండగా గొంతు తెగిపోయింది. నోరు కదులుతోంది, చెయ్యి గాలిలో లేచే ఉంది, హార్మోనియం నడుస్తోంది, గొంతు మాత్రం లేదు. రెండు సెకన్లకు వచ్చింది. మళ్లీ పోయింది. పందిట్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి, మిక్సర్ ముందు కూర్చున్న నా వైపు తిరిగాయి.

నాటకం అయ్యాక మాస్టారు మేకప్ తుడుచుకుంటూ, “ఏమోయ్ అబ్బాయ్, నలభై ఏళ్లు మైకు ఉన్నా లేకపోయినా పాడాను. నువ్వు వచ్చాక గొంతు పోయింది,” అన్నారు. “తప్పు నాదే మాస్టారూ,” అన్నాను. కానీ ఆ తప్పు ఏమిటో అప్పటికి నాకు తెలియదు. అది పూర్తిగా తెలియడానికి మరో రెండు ఉత్సవాలు పట్టింది. కార్డ్‌లెస్ మైకు యాంటెన్నాకు ఎలాంటి కేబుల్ వాడాలి, సిగ్నల్‌ను పెంచే బూస్టరుకు గెయిన్, అంటే పెంపు, ఎంత పెట్టాలి అన్నది ఇవాళ్టి మాట. గుళ్లో, చర్చిలో, కల్యాణమండపంలో, కాలేజీ వేదిక మీద కార్డ్‌లెస్ మైకు వాడే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

ముందు ఆ మొదటి రాత్రి ఏం జరిగిందో చూద్దాం. నడుము డబ్బా పంపే సిగ్నల్‌ను అందుకునే రిసీవర్లు మిక్సర్ పక్కన నా బల్ల మీద ఉన్నాయి. బల్ల వేదికకు 40 మీటర్ల దూరంలో, పందిరి చివర. సిగ్నల్ అంత దూరం అందదని యాంటెన్నాలను వేదిక పక్కన స్టాండుకు కట్టి, అక్కణ్ణుంచి నా బల్ల దాకా కేబుల్ లాగాను. యాంటెన్నా నటుడికి దగ్గరగా ఉంది కదా, ఇక భయం లేదనుకున్నాను. లాగిన కేబుల్ చిటికెనవేలి కన్నా సన్నది. ఆర్‌జీ-58 అంటారు. చవక, చుట్ట చుట్టడానికి సుఖం.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు చివరి ఆయకట్టు కష్టం తెలుసు. లాకుల దగ్గర వదిలిన నీళ్లన్నీ చివరి పొలానికి చేరవు. దారి పొడుగునా మట్టి తాగేస్తుంది. కేబుల్ కూడా అంతే. యాంటెన్నా పట్టిన సిగ్నల్‌ను దారిలో తింటూ పోతుంది. తిన్నది వేడి అయిపోతుంది. ఎంత తింటుందో చెప్పే కొలత డెసిబెల్. 3 డెసిబెల్స్ పోతే సగం మిగిలినట్టు. 6 పోతే పావు వంతు. 10 పోతే పదో వంతు.

మన కార్డ్‌లెస్ మైకులు ఎక్కువగా పనిచేసే 500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఆర్‌జీ-58 కేబుల్ 40 మీటర్లకు సుమారు 14 డెసిబెల్స్ తింటుంది. అంటే యాంటెన్నా దగ్గర 25 రూపాయలు వేస్తే నా బల్ల దగ్గర ఒక్క రూపాయి చేరింది. అదే దూరానికి దాదాపు చిటికెనవేలంత లావున్న ఆర్‌జీ-213 కేబుల్ అయితే సుమారు 6 డెసిబెల్స్, అంటే పావు వంతు మిగులుతుంది. దాదాపు అంతే లావు ఉండి, లోపల నురుగు ప్లాస్టిక్ ఉండే ఎల్ఎంఆర్-400 అయితే 4 డెసిబెల్స్ లోపే. ఈ నురుగులో ఉన్నది ఎక్కువగా గాలే కాబట్టి, గట్టి ప్లాస్టిక్ తినేంత అది తినదు. లావు కేబుల్‌లో మధ్య తీగ కూడా లావు. ఇంత వేగంగా ఊగే కరెంటు తీగ లోపలికి దిగదు, పై పొర మీదే పాకుతుంది. తీగ లావైతే దానికి నడిచే చోటు ఎక్కువ.

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ తిండి కూడా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ నాలుగింతలైతే డెసిబెల్స్ లెక్కలో నష్టం దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే 600 మెగాహెర్ట్జ్ మైకుకు పనికొచ్చిన కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ మైకుకు పనికిరాకపోవచ్చు. కేబుల్ కొనేటప్పుడు ‘మీటరు ఎంత?’ అని ధర ఒక్కటే అడగకండి. ‘నా ఫ్రీక్వెన్సీలో 100 మీటర్లకు ఎన్ని డెసిబెల్స్ పోతాయి?’ అని కూడా అడగండి. మంచి కంపెనీ ఏదైనా ఆ పట్టిక ఇస్తుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఇంట్లో డిష్‌కు వాడే టీవీ కేబుల్ వాడొచ్చా? ఇంపెడెన్స్ అనే కొలతలో అది 75 ఓములది, మన మైకు యాంటెన్నాలు 50 ఓములవి. కలవవు, వాడకూడదు అని చెబుతారు. లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 50, 75 కలిసే చోట వెనక్కి తిరిగిపోయే సిగ్నల్ నూటికి 4 వంతులు. నష్టం ఒక్కో కలయిక దగ్గర 0.2 డెసిబెల్ కూడా ఉండదు. మంచి టీవీ కేబుల్, ఆర్‌జీ-6 రకం, 30 మీటర్లకు సుమారు నాలుగున్నర డెసిబెల్స్ తింటుంది. అదే పొడవుకు నా సన్నటి 50 ఓముల కేబుల్ 10 దాకా తింటుంది. అంటే ‘సరైన’ సన్న కేబుల్ కన్నా ‘తప్పు’ టీవీ కేబులే నయం. చిక్కు వేరే చోట వస్తుంది. కనెక్టర్లు వేరు. వాటిని కలపడానికి పెట్టే అడాప్టర్లు వదులై ఊగుతాయి. వేదిక మీద ఊగే జాయింటు కన్నా పెద్ద శత్రువు లేదు. అందుకే టీవీ కేబుల్‌ను ఆపద్ధర్మంగా వాడుకోండి, అలవాటు చేసుకోకండి.

అసలు ఈ 50 ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఒక తీగ చుట్టూ ఇంకో గొట్టం ఉండే ఈ కోయాక్సియల్ కేబుల్‌కు 1880లోనే ఇంగ్లండ్‌లో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంజనీర్లు లెక్కలు వేస్తే, లోపల గాలి ఉన్న కేబుల్‌లో సిగ్నల్ తక్కువ నష్టపోయేది 77 ఓముల దగ్గర, ఎక్కువ పవర్ మోయగలిగేది 30 ఓముల దగ్గర అని తేలింది. ఇటూ అటూ కాకుండా మధ్యలో కుదిరిన రాజీ 50. టీవీ వాళ్లకు పవర్‌తో పని లేదు, నష్టం తగ్గితే చాలు. అందుకే వాళ్లు 75 వైపు వెళ్లారు.

సరే, మళ్లీ ఆ ఊరి పందిట్లోకి వద్దాం. 14 డెసిబెల్స్ కేబుల్ తిన్నది. అది ఒక్కటే అయితే ఎలాగో గట్టెక్కేవాణ్ణి. మాస్టారు మంచం మీద పడుకున్నారు చూశారా, ట్రాన్స్‌మిటర్ డబ్బా ఆయన నడుము వెనక, పరుపుకూ ఒంటికీ మధ్య నలుగుతోంది. దాని తోకలాంటి యాంటెన్నా తీగను ఎవరో పొందిగ్గా మడిచి పట్టుపంచె ముడిలో దోపారు. దాని పైన జరీ నడికట్టు, ఆ పైన ఇత్తడి వడ్డాణం. మనిషి ఒళ్లు ఎక్కువగా నీళ్లే, రేడియో తరంగాన్ని ఇట్టే తాగేస్తుంది. లోహం అడ్డుకుంటుంది. మాస్టారు మోచేతి మీద లేచినప్పుడు కాస్త సందు దొరికి గొంతు వచ్చేది, వెనక్కి వాలితే పోయేది. మిగిలిన ఆ రూపాయిలో ఇంత కోత పడితే రిసీవర్‌కు ఏం దక్కుతుంది? తోక తీగ తిన్నగా వేలాడాలి. డబ్బా ఒంటికి అంటకుండా గుడ్డ సంచిలో ఉండాలి. యాంటెన్నా వైపు తిరిగి ఉండాలి. ఖర్చు లేని జాగ్రత్తలివి, ఎంత ఖరీదైన కేబులూ వీటికి బదులు కాదు.

మరుసటి ఏడు పంతం పట్టి వెళ్లాను. లావు కేబుల్ కొన్నాను. బల్లను ముందుకు జరిపి కేబుల్‌ను 20 మీటర్లకు తగ్గించాను. యాంటెన్నా కూడా కొత్తది, తెడ్డులా వెడల్పుగా ఉండి ఒక వైపుకే గురిపెట్టేది. దాని పీటలోనే బూస్టరు. దాని మీద చిన్న మీట, నాలుగు గుర్తులు: మైనస్ 6, సున్నా, ప్లస్ 6, ప్లస్ 12. మైకుసెట్టు మనిషి చేతికి అలాంటి మీట దొరికితే ఎటు తిప్పుతాడో మీకు చెప్పాలా? ప్లస్ 12 మీద పెట్టి, టేపు కూడా అంటించాను.

పడక సీను అద్భుతంగా నడిచింది. వన్స్‌మోర్ వచ్చింది. నేను కాలు మీద కాలేసుకున్నాను. తర్వాత రాయబారం సీను వచ్చింది. కౌరవసభ. కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు, భీష్ముడు, ఇంకా ఇద్దరు. ఆరు మైకులు ఒక్కసారి వేదిక ముందుకు వచ్చాయి. బరబరా రొద. కర్ణుడి మైకులో ఈలలు, భీష్ముడి మైకులో గరగర. ముందటి సీనులో ముగ్గురితో ఏ గొడవా లేదు, ఆరుగురయ్యేసరికి కురుక్షేత్రం ముందే మొదలైంది.

ఏమైందంటే, కేబుల్ తిన్నది 2 డెసిబెల్స్. నేను పెట్టింది 12. పైన 10 మిగిలింది. దాన్ని లాభం అనుకున్నాను, అది విషం. రిసీవర్ లోపలి భాగం ఒక హద్దు వరకే సిగ్నల్‌ను నిజాయితీగా మోస్తుంది. హద్దు దాటితే రెండు సిగ్నళ్లను ఒకదానితో ఒకటి కలిపి, లేని సిగ్నళ్లను పుట్టిస్తుంది. ఉదాహరణకు ఒక మైకు 510.0 మెగాహెర్ట్జ్ మీద, ఇంకోటి 510.4 మీద ఉన్నాయనుకోండి. వాటికి చెరోవైపూ 509.6 మీదా, 510.8 మీదా రెండు దయ్యాలు పుడతాయి. మూడో మైకును నేను లెక్కగా, సమాన దూరంలో ఉండాలని ఏరికోరి 510.8 మీదే పెట్టాను. దయ్యానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టు! ఫ్రీక్వెన్సీలు సమాన దూరంలో ఉండకూడదు. రిసీవర్ కంపెనీ గ్రూపులుగా ఇచ్చే ఫ్రీక్వెన్సీలు ఎగుడుదిగుడుగా కనిపించేది ఇందుకే. వాటిని అలాగే వాడండి.

ఇంకో సంగతి వినండి. గెయిన్ 10 డెసిబెల్స్ పెంచితే మన సిగ్నల్ పదింతలవుతుంది. ఈ దయ్యాలు 30 డెసిబెల్స్ పెరుగుతాయి, అంటే వెయ్యింతలు. అసలు పదింతలు పెరిగితే నకిలీ వెయ్యింతలు పెరిగే వ్యాపారం ఎవరైనా చేస్తారా? నేను చేశాను, టేపు కూడా అంటించి.

అందుకని గెయిన్ సూత్రం ఒక్కటే. కేబుల్ ఎంత తిన్నదో అంతే తిరిగి పెట్టండి. 6 తింటే 6. 2 తింటే సున్నా. కేబుల్, జాయింట్లు, మధ్యలో సిగ్నల్‌ను పంచే స్ప్లిటర్, అన్నీ తిన్నది కూడి చూసుకోండి. రెండు గుర్తుల మధ్య అనుమానం వస్తే చిన్నది పెట్టండి. మైనస్ 6 గుర్తు ఉన్నది యాంటెన్నా వేదికకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు వాడటానికే. గెయిన్ పెంచితే మైకు గట్టిగా వినిపిస్తుందనేది ఇంకో భ్రమ. మామూలు ఎఫ్ఎం మైకుల్లో గొంతు ఎంత గట్టిగా వస్తుందో రేడియో సిగ్నల్ బలంతో సంబంధం లేదు. గొంతు చిన్నగా ఉంటే సరిచేయాల్సింది ట్రాన్స్‌మిటర్ మీద ఉన్న మైకు సెన్సిటివిటీ. నటుడు రాగం పతాకస్థాయిలో తీసినప్పుడు ఎర్రదీపం వెలగబోయి ఆగిపోవాలి, అంతవరకే. రేడియో గెయిన్ వేరు, గొంతు గెయిన్ వేరు. ఒకదాని జబ్బుకు ఇంకోదానికి మందు వేయకండి.

మరి బూస్టరు ఎక్కడ పెట్టాలి? యాంటెన్నా దగ్గర. మిక్సర్ దగ్గర కాదు. కాలువ సంగతే మళ్లీ గుర్తుచేసుకోండి. చివరి పొలం దగ్గర పెద్ద మోటారు పెడితే అడుగంటిన నీళ్లతో పాటు బురద కూడా వస్తుంది. కేబుల్ తినేసి మిగిలిన బక్క సిగ్నల్‌ను చివర్లో పెంచితే దాని పక్కన ఉన్న రొద కూడా అంతే పెరుగుతుంది. రెంటికీ మధ్య తేడా మారదు. వరసలో మొదట ఉన్న మెట్టు ఎంత శుభ్రంగా ఉంటే మొత్తం అంత శుభ్రం అని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ ఫ్రీస్ 1944లోనే లెక్కకట్టి చూపించాడు. ఒక చిన్న మెలిక ఉంది. యాంటెన్నా దగ్గరి బూస్టరుకు కరెంటు అదే కేబుల్‌లోంచి, సాధారణంగా 12 వోల్టులు, రిసీవర్ వైపు నుంచి వెళుతుంది. మధ్యలో ఉన్న స్ప్లిటర్ ఆ కరెంటును వెళ్లనీయకపోతే బూస్టరు పనిచేయదు. పనిచేయని బూస్టరు సిగ్నల్‌ను పెంచకపోగా దారికి అడ్డం నిలబడుతుంది. కాబట్టి దాని మీద దీపం వెలుగుతోందో లేదో స్టాండు పైకి లేపకముందే చూసుకోండి.

మూడో ఏడు నేను చేసిన పని ఇంతే. రిసీవర్లను వేదిక పక్క వింగులోకి మార్చాను. యాంటెన్నాలకు మూడు మీటర్ల కేబుల్. బూస్టరు ఇంట్లో వదిలేశాను. రిసీవర్ల నుంచి నా మిక్సర్ దాకా లాగింది మామూలు మైకు కేబుల్. గొంతు సిగ్నల్‌కు 40 మీటర్లు ఒక లెక్క కాదు. 500 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగే దూరం అది. మైకు కేబుల్ మాత్రం గొంతు సిగ్నల్‌ను పల్లకీలో మోసినట్టు మోస్తుంది. రెండేళ్లు నేను లాగకూడని తీగను లాగాను. కేబుల్ ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఇప్పుడు ముందు చెప్పే మాట ఇదే: పొట్టిది. అది కుదరని చోట, అంటే రిసీవర్లు వేదిక దగ్గర పెట్టే వీలు లేని చోట మాత్రమే లావు కేబులూ, బూస్టరూ.

ఆ మూడు మీటర్లతో పాటు ఇంకొన్ని చిన్న జాగ్రత్తలు. యాంటెన్నాలు రెండు ఉంటాయి కదా, రెండింటినీ పక్కపక్కనే కట్టేయకండి. 500 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 60 సెంటీమీటర్లు. నేరుగా వచ్చిన తరంగం, రేకుల షెడ్డుకు తగిలి తిరిగొచ్చిన తరంగం కలిసి కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. నటుడు ఒక అడుగు పక్కకు జరిగితే సిగ్నల్ మళ్లీ బతుకుతుంది. ఒక యాంటెన్నా గుంతలో పడ్డప్పుడు రెండోది గట్టు మీద ఉండాలి. అందుకు వాటి మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి. రెండింటికీ ఒకే రకం కేబుల్, ఒకే పొడవు. జనం తలల కన్నా ఎత్తులో, నటులు కంటికి కనిపించేలా పెట్టండి. ఇప్పుడు ప్రతి పెళ్లిలోనూ ఉండే ఎల్ఈడీ తెరలకు దూరంగా ఉంచండి. ఆ తెరలు చిమ్మే రేడియో రొద అంతా ఇంతా కాదు. పాత మైకులు 700 మెగాహెర్ట్జ్ దాటినవైతే ఇంకో సంగతి. 2022 వేలం తర్వాత ఆ బ్యాండ్ మన దేశంలో 5జీ ఫోన్లకు వాడుకలోకి వచ్చింది. నిన్నటిదాకా బాగా పనిచేసిన మైకు ఇవాళ గొణిగితే, కేబుల్‌ను తిట్టేముందు ఫ్రీక్వెన్సీ చూడండి.

చివరిగా పరీక్ష. కార్యక్రమానికి ముందు మైకులన్నీ ఆపేసి రిసీవర్ మీద సిగ్నల్ గీతలు చూడండి. మైకు లేకుండానే గీతలు లేస్తుంటే అది బయటి రొద, లేదా మీరు పెట్టిన ఎక్కువ గెయిన్. తగ్గించండి, లేదా ఫ్రీక్వెన్సీ మార్చండి. తర్వాత మైకులన్నీ ఆన్ చేసి, వేదిక మీద దూరం దూరంగా పెట్టి, ఒక్కొక్కటే ఆపి చూడండి. ఆపిన మైకు రిసీవర్‌లో మిగతావాటి దయ్యం దూరిందేమో తెలుస్తుంది. ఆ తర్వాత ఒక కుర్రాడి నడుముకు డబ్బా కట్టి, ఒకటి నుంచి వంద దాకా అంకెలు చదువుతూ వేదికంతా నడవమనండి. యాంటెన్నాకు వీపు పెట్టమనండి. మంచం ఉంటే మంచం మీద పడుకోమనండి. ఏ అంకె తెగిందో, ఎక్కడ తెగిందో రాసుకోండి. వింటే ఇంత సులువైన పని, నేను మొదటి ఏడు చేయలేదు.

ఆ మూడో ఏడు రాయబారం సీను అయ్యేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ఆరు మైకులు, ఆరు గొంతులు, ఒక్క గరగర లేదు. మాస్టారు కిరీటం చేత్తో పట్టుకుని దిగి వచ్చి, “ఏం మార్చావురా అబ్బాయ్?” అన్నారు.

“పెట్టె చోటు మార్చాను మాస్టారూ, అంతే,” అన్నాను.

“ఆ మాత్రం దానికి రెండేళ్లా?” అన్నారు, టీ గ్లాసు అందుకుంటూ.

ఆ 40 మీటర్ల సన్న కేబుల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. స్పీకర్ పెట్టెలు వ్యాన్‌లో ఊగకుండా దానితో కడుతున్నాం. ముడి బాగా పడుతుంది.